నాలుగవ పరిశీలన

తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆదివారం ఉదయం ద్రవాభిసరణం గురించి సందేహం అడిగినప్పుడు, పని ఉందని తప్పించుకునే అవకాశం నాకు నిక్షేపంగా ఉంది. అయితే, పలుచని ద్రావణంలోని నీరు పొర గుండా గాఢమైన ద్రావణం వైపు పోతుందన్న వాక్యం ఒక్కటే నా చదువులో మిగిలినది కనుక, దానిని వాడుకొనే అదృష్టం మళ్ళీ ఎప్పుడు పడుతుందో అనిపించింది.

"ఉప్పు నీటిలో కణం కుంచించుకుపోతుంది కదా నాన్నా, ఆల్కహాల్‌లో వేస్తే ఏమవుతుంది?"

"ఇంకా ఎక్కువగా కుంచించుకుపోతుంది" అని తీర్పు చెప్పి, సాక్ష్యానికి నొలే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తను పిలిచాను. 1748లో ఆయన సారా నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొరను బిగించి నీటిలో ముంచితే, కొన్ని గంటలకు పొర ఉబ్బి, సూదితో పొడవగానే లోపలి ద్రవం పైకి చిమ్మింది. నీరు సారా కోసం అంతగా ఎగబడినప్పుడు కణంలోని నీరు మాత్రం ఎందుకు ఆగుతుందన్నది నా వాదం.

ఇంట్లో సారా లేనందున మందుల పెట్టెలోని గాయాలు తుడిచే స్పిరిట్‌నే తీసుకొని, కోసినప్పుడు తెగిన కణాల రంగు పోయేదాకా బీట్‌రూట్ ముక్కలను కడిగి, నీటిలో ఒకటి, చిక్కని ఉప్పు నీటిలో ఒకటి, స్పిరిట్‌లో ఒకటి వేశాము. గంట తరువాత మొదటి ముక్క గట్టిగా నిలబడింది, రెండవది వడలిపోయింది. ద్రవం తేటగానే ఉంటుందని నేను ముందుగా ప్రకటించిన మూడవ గ్లాసు మాత్రం ఎర్రబడి కూర్చుంది. నమ్మలేక దానిని వెలుతురుకు ఎత్తి పట్టి వంచి చూస్తుండగా చేయి జారింది. ఆ సమయంలో నేను తొడుక్కున్నది తెల్ల చొక్కా.

"ఏమండీ, ద్రవాభిసరణమంటే ఇదేనా?" అని మా ఆవిడ ఎంతో వినయంగా అడిగింది.

కాదని పుస్తకం తిరగేశాక తెలిసింది. ఉప్పు గుమ్మం బయటే ఆగిపోయే అతిథి కనుక నీరే మర్యాదకు బయటికి రావాలి. ఆల్కహాల్ తలుపు తట్టకుండా నేరుగా వంటింట్లోకి నడిచివచ్చే చుట్టం. దాని అణువు చిన్నది, విద్యుదావేశం లేనిది కనుక కణం చుట్టూ ఉండే పొరను, అంటే కణత్వచాన్ని, సులువుగా దాటి, లోపలా బయటా సమానమైపోతుంది. అందువల్ల రక్తంలో కలిసినప్పుడు ద్రావణపు మొత్తం గాఢతను పెంచుతుందే గాని, కణాల నుంచి నీటిని నిలకడగా లాగలేదు. స్పిరిట్‌లో ఉన్నంత గాఢతలో అయితే త్వచాన్నే పాడుచేస్తుంది. అందుకే కణం లోపలి సంచి వంటి రిక్తికలోని ఎర్ర రంగు బయటపడింది. నొలే వాడిన పొర సారాను అంత సులువుగా దాటనివ్వలేదు. పంది మూత్రాశయాన్ని కణత్వచమని భ్రమించినది నేనే. పెద్దాయనను నిందించి లాభం లేదు.

"అంటే తాగేవాళ్ళ కణాలు చిన్నవి కావన్నమాట" అంది అమ్మాయి. పరువు కొంతైనా దక్కుతుందేమోనని ఇంకా చదివాను. ఆల్కహాల్ మూత్రాన్ని అదుపు చేసే హార్మోనును అణచివేస్తుంది కనుక నీరు ఎక్కువగా పోయి రక్తం చిక్కబడితే, అప్పుడు కణాలు కొంత నీటిని వదులుకుంటాయి. ఇంతవరకు నా పక్షమే అనుకుంటుండగా తరువాతి పేరాలో ఓడిపోయాను: ఏళ్ళ తరబడి అతిగా తాగేవారిలో ఎర్ర రక్తకణాలు తరచుగా పెద్దవవుతాయి. మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లుండే సగటు పరిమాణం 100 దాటుతుంది. అది కూడా ద్రవాభిసరణం వల్ల కాదు. కణాలు తయారయ్యే మూలుగ మీద ఆల్కహాల్ ప్రభావం, ఫోలేట్ అనే విటమిన్ లోపం దానికి కారణాలు.

మరకను మళ్ళీ స్పిరిట్‌తోనే రుద్దాను. అది జేబు దాకా పాకింది. అమ్మాయి రికార్డులో మూడు గ్లాసులకు మూడు పరిశీలనలు పొందికగా రాసి, కింద నాలుగవది చేర్చింది: "నాన్నగారి చొక్కాకు కణత్వచం లేదు."