రిజిస్టరులో ఎక్కని లెక్క

నెల్లూరు జిల్లా కలిగిరి వైపు ఒక ఊళ్లో బడి మీటింగుకి వెళ్లాను. రిజిస్టరులో 23 సంతకాలు, గదిలో ఉన్నది తొమ్మిదిమంది. తక్కినవి ముందురోజు సాయంత్రం బడి ఆయా ఇంటింటికీ తిరిగి పెట్టించుకొచ్చిందట, రెండు వేలిముద్రలైతే ఇంకా ఆరలేదు. ఆమెనేమీ అనను, పైనుంచి అడిగేది ఆ కాగితమే కదా.

బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. మంచిదే. కానీ ఎంతమంది వచ్చారన్న లెక్క వేరు, వచ్చినవాళ్లలో ఎవరికెవరు తెలుసన్న లెక్క వేరు.

ఈ రెండోదాన్నే సోషల్ క్యాపిటల్ అంటారు, అంటే మనుషుల మధ్య పరిచయాలూ నమ్మకమూ కూడా ఒక పెట్టుబడే అని. 1916లో ఈ మాట వాడిన హానిఫాన్ ప్రొఫెసరేమీ కాదు, అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పల్లెటూరి బళ్లు చూసుకునే అధికారి. 1988లో కోల్‌మన్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త దాన్ని ఇంకాస్త విప్పి చెప్పాడు: మీ పిల్లాడి స్నేహితుల అమ్మానాన్నలు మీకు తెలుసా? తెలిస్తే వాడు బడి ఎగ్గొట్టి చెరువు కట్టమీద తిరుగుతున్న సంగతి మధ్యాహ్నానికే మీ చెవిన పడుతుంది.

ఇది మనకు కొత్తేం కాదులెండి. ఇదే నెల్లూరు జిల్లాలో, దూబగుంటలో రాత్రిబడికి చదువుకోవడానికొచ్చిన ఆడవాళ్లే సారాకి ఎదురు తిరిగారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. అప్పట్లో లెక్కలు తీసినవాళ్లు ఎంతమందికి అక్షరాలొచ్చాయో రాసుకుని ఉంటారు, రోజూ ఒకే లాంతరు చుట్టూ కూర్చున్నందువల్ల వాళ్ల మధ్య ఏం పెరిగిందో ఏ కాలమ్‌లో రాస్తారు?

ఇప్పుడు పొద్దున ఏడున్నరకి ఊరి సెంటర్లో నిలబడితే మూడు నాలుగు పసుపు బస్సులొచ్చి పిలకాయల్ని తలా ఒక దిక్కుకి ఎక్కించుకుపోతాయి. పక్కపక్క ఇళ్ల పిల్లలే, బళ్లు వేరు, తల్లులు కలిసే చోటు లేదు.

ఇంకో చిక్కుంది. పరిచయాలన్నీ ఒకే వీధిలోవైతే అంకె పెద్దదిగానే కనిపిస్తుంది గానీ, ఊరికీ ఎస్సీ కాలనీకీ మధ్య ఒక్కటీ లేకపోతే దాన్ని బడి బలం అనలేం. వీధిలోపలి పరిచయాలు, వీధి దాటిన పరిచయాలు విడివిడిగా లెక్కపెట్టాలి.

ఆ మీటింగులో ఒకామెని అడిగాను, మీ పాప పక్కన కూర్చునే అమ్మాయి వాళ్లమ్మ ఎవరమ్మా అని. ఆలోచించి, "పాప పేరు తెలుసు సార్, వాళ్లమ్మని చూళ్లేదు" అంది. ఆ వాళ్లమ్మ వెనక వరసలోనే కూర్చుని ఉంది, కాలనీ నుంచి వచ్చినావిడ.