ఉత్తరం నా జేబులో ఉంది

దిక్కుల విషయంలో నేను ఎన్నడూ పొరబడలేదు. పొరబడేంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు కాబట్టి అని మా ఆవిడ అంటుంది.

అందుకే బావమరిది ఓరియంటీరింగ్ పోటీకి రమ్మనగానే బయలుదేరాను. మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవిలోకి వెళ్ళాలి. అక్కడక్కడ నారింజ, తెలుపు రంగుల చిన్న జెండాలు వేలాడుతుంటాయి. వాటిని కంట్రోళ్ళు అంటారు. వెతికి పట్టుకుని తిరిగి రావడమే ఆట. 1897లోనే నార్వేలో జనం ఈ పోటీలో పరుగెత్తారనీ, స్కీల మీదా సైకిళ్ళ మీదా కూడా ఆడతారనీ, ఫిన్లాండ్‌లో ఏడుగురేసి జట్లు కట్టి తలకు దీపాలు తగిలించుకుని రాత్రంతా పరుగెడతారనీ అతను దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుంది. "మొదటిసారా బాబాయిగారూ? అయితే తేలిక కోర్సు తీసుకోండి. కంట్రోళ్ళన్నీ కాలిబాట పక్కనే ఉంటాయి" అంది. ఆ వెనకే పసిపిల్లల కోర్సు. చెట్టు నుంచి చెట్టుకు దారం కట్టారు, దాన్ని పట్టుకుని నడిస్తే చాలు. నాలుగేళ్ళ బుడతడొకడు దారం పట్టుకుని నాకేసి చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. దాంతో తేలిక అన్న మాటే నాకు గిట్టకుండా పోయింది.

కంట్రోళ్ళను ఇచ్చిన వరసలోనే పట్టాల్సిన మామూలు కోర్సును బావమరిది ఎంచుకున్నాడు. స్కోరు పోటీలో వరస ఉండదు. గంట వ్యవధి, 20 కంట్రోళ్ళు, ఇష్టమొచ్చినన్ని ఇష్టమొచ్చినట్టు పట్టుకోవచ్చు. దగ్గరివాటికి 10 పాయింట్లు, దూరంగా ఉన్నవాటికి 20, 30. ఆలస్యమైతే నిమిషానికి 10 కోత. ఉద్యోగంలో చేరాక 'ఇష్టమొచ్చినట్టు' అన్న మాట నాతో ఎవరూ అనలేదు. అదే తీసుకున్నాను.

వేలికి తగిలించుకునే చిప్పు ఇచ్చి ఆ అమ్మాయి మూడు సంగతులు చెప్పింది. బయలుదేరే ముందు చిప్పులో పాత లెక్క చెరిపేయాలి. ప్రతి కంట్రోల్ మీదా ఉన్న అంకెను మ్యాపుతో సరిచూసుకోవాలి. మధ్యలో మానేసినా ముగింపు దగ్గరకు వచ్చి చెప్పాలి, లేకపోతే మీ కోసం అడవంతా గాలించాల్సి వస్తుంది. మొదటిదీ మూడోదీ శ్రద్ధగా విన్నాను.

మ్యాపు విప్పితే చాలా భాగం తెల్లగా ఉంది. తెలుపంటే ఖాళీ నేల, అది ఎవరైనా చెబుతారు. అడ్డంగా పరుగెత్తి నాలుగు కంట్రోళ్ళు కొట్టేద్దామని దూకాను. పది అడుగుల్లో ఒక చెట్టు, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక చెట్ల మహాసభ. ఈ మ్యాపుల్లో తెలుపంటే పరుగెత్తడానికి వీలైన అడవి అట. ఖాళీ నేల పసుపు. ఆకుపచ్చ ఎంత ముదిరితే పొద అంత దట్టం. అడవికి తెల్లరంగు వేయాలన్న ఆలోచన అడవి తప్ప మరేమీ చూడనివాడికే వచ్చి ఉండాలి.

సరే, దిక్సూచి ఉంది కదా. ఆరితేరినవాడిలా ఛాతీకి ఆనించి పట్టుకుని, ముల్లుకు తగ్గట్టు మ్యాపు తిప్పి నడిచాను. పావుగంటలో ఒక బండ పక్కన జెండా! జెండా దగ్గరున్న చిన్న పెట్టెకు చిప్పు తాకించగానే అది కీచుమంది. మరికాసేపటికి ఎండిన వాగు మలుపులో ఇంకొకటి, మళ్ళీ కీచు. ఆ తరవాత మరో బండ. మొదటి బండకు కవలలా ఉంది. ఆ తరవాత మరో వాగు మలుపు. పోటీ పెట్టినవాళ్ళకు కాస్త వైవిధ్యం ఉంటే బాగుండునని విసుక్కుంటూ, మూడో బండ దగ్గరా కీచుమనిపించాను. ఐదు కంట్రోళ్ళు!

ముగింపు మ్యాపు మీద జంట వలయంగా కనిపించింది. నేల మీద ఎక్కడుందో మాత్రం పిల్లల కేరింతలు చెప్పాయి. ఏడు నిమిషాలు ఆలస్యం. పోతే పోనీ అనుకుని దర్జాగా చిప్పు ఇచ్చాను. యంత్రం చీటీ కక్కింది: 47, 52, 47, 52, 47.

అమ్మాయి చాలాసేపు చీటీకేసే చూసింది, నా ముఖంకేసి చూడలేదు. "ఒకే కంట్రోల్‌కు ఎన్నిసార్లు వెళ్ళినా పాయింట్లు ఒక్కసారే బాబాయిగారూ. 47కు 10, 52కు 20. కోత 70."

"అంటే?"

"మైనస్ 40."

అసలు రాకుండా ఇంట్లో పడుకుని ఉంటే 40 పాయింట్లు ముందుండేవాణ్ణి.

"బావగారూ, జేబులో ఏముంది?" అన్నాడు బావమరిది. ఫోను. దిక్సూచిని దాని దగ్గరకు తెచ్చాడు. ముల్లు ఉలిక్కిపడి ఫోను వైపు తిరిగింది. ఫోను స్పీకరులో అయస్కాంతం ఉంటుందట. గంటసేపు ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉందన్నమాట. నేను ఎటు నడిచినా దిక్సూచి నాతో ఏకీభవించిందంటే ఎందుకో అనుకున్నాను.

అతను తన చీటీ తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు, బల్ల సర్దుతున్న అమ్మాయి దగ్గరకు చేరి గొంతు తగ్గించాను.

"ఆ దారం కోర్సుకు వయోపరిమితి ఏమైనా ఉందా అమ్మా?"

"లేదు బాబాయిగారూ. కానీ దారం చుట్టేశాం."