ఓనర్ మారితే వార్త మారదా?

"మీడియాను ఎవరు కొంటే ఏంటి? వార్తలు రాసేది జర్నలిస్టులే కదా. పెద్ద కంపెనీలు డబ్బు పెట్టకపోతే పేపర్లు, చానళ్లు మూతపడతాయి. నచ్చకపోతే రిమోట్ నొక్కి ఇంకో చానల్ చూసుకోండి." వాట్సాప్‌లో ఈ మాట తెగ తిరుగుతోంది. చూసినప్పుడల్లా నాకు ఎన్డీటీవీ గుర్తొస్తుంది.

ఎవరు కొంటే ఏంటి అంటున్నారు. ముందు ఎలా కొన్నారో చూడండి. 2009లో ఎన్డీటీవీ వ్యవస్థాపకులు ప్రణయ్ రాయ్, రాధికా రాయ్‌ల ఆర్‌ఆర్‌పీఆర్ అనే కంపెనీ (ఎన్డీటీవీలో పెద్ద వాటా దీని పేరు మీదే ఉండేది), విశ్వప్రధాన్ అనే సంస్థ దగ్గర సుమారు 403 కోట్ల రూపాయలు వడ్డీ లేకుండా అప్పు తీసుకుంది. ఆ డబ్బు వచ్చింది రిలయన్స్ గ్రూప్ సంస్థ నుంచి. బదులుగా, ఆర్‌ఆర్‌పీఆర్‌ను దాదాపు మొత్తంగా తమ పేరు మీదికి మార్చుకునే హక్కు అప్పిచ్చినవాళ్లకు రాసిచ్చారు. 2022 ఆగస్టులో అదానీ గ్రూప్ ఆ విశ్వప్రధాన్‌నే కొనేసింది. పాత అప్పు కాగితంతో ఎన్డీటీవీలో 29.18 శాతం వాటా దాని చేతికొచ్చింది. మాతో మాట మాత్రమైనా అనలేదని వ్యవస్థాపకులు అన్నారు. చివరికి వాళ్లూ తమ షేర్లలో ఎక్కువ భాగం అమ్మేశారు. డిసెంబరు ఆఖరుకు అదానీ వాటా 64.71 శాతం.

రాసేది జర్నలిస్టులే, నిజమే. రాయ్ దంపతులు ఆర్‌ఆర్‌పీఆర్ బోర్డు నుంచి తప్పుకున్న మర్నాడు, నవంబరు 30న, ఎన్డీటీవీ హిందీ చానల్ యాంకర్ రవీష్ కుమార్ రాజీనామా చేశారు. ఆయనకు పేరుంది, యూట్యూబ్‌లో చూసే జనం ఉన్నారు. నెల జీతం మీద, ఇంటి ఈఎంఐ మీద బతికే రిపోర్టర్ సంగతేంటి? మన గంగవరం, కృష్ణపట్నం పోర్టులు రెండూ అదానీవే. గంగవరంలో బొగ్గు దుమ్ము గురించి స్టోరీ చేద్దామా అని ఆ రిపోర్టర్ డెస్క్‌ను అడగాలంటే ఎంత టెన్షన్! పైనుంచి ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు. అడగకుండా ఊరుకోవడం అతనే నేర్చుకుంటాడు. అలా పుట్టకుండా పోయిన వార్తకు రుజువు ఎక్కడ దొరుకుతుంది?

డబ్బు మాటలో కొంత నిజముంది. మనం పేపరుకిచ్చే ధర అచ్చు ఖర్చుకే చాలదు. కానీ డబ్బు పెట్టేవాడికి, వార్తకు మధ్య అడ్డుగోడ ఉండాలి. కార్పొరేట్ సంస్థలు మీడియాలోకి రావడంపై ఆంక్షలు ఆలోచించాలని, స్వతంత్ర నియంత్రణ సంస్థ పెట్టాలని టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులోనే సిఫార్సు చేసింది. చట్టం మాత్రం రాలేదు.

ఓనర్ ఎవరో చూసి వార్త చదవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఒకే అసెంబ్లీ సమావేశం గురించి ఈనాడులో, సాక్షిలో చదివి, అసలు జరిగిందేమిటో లెక్క కట్టుకునే ఇళ్లు ఎన్ని లేవు! ఆ రెండు పేపర్ల వెనుక ఎవరున్నారో మనకు తెలుసు కాబట్టే ఆ లెక్క కుదురుతోంది.

ఇక రిమోట్. ఎన్డీటీవీ వద్దని న్యూస్18 పెట్టారనుకుందాం. అది నెట్‌వర్క్18ది. 2014లో నెట్‌వర్క్18ను సొంతం చేసుకున్నది ఎవరో తెలుసా? ఎన్డీటీవీ వాళ్లకు ఇచ్చిన ఆ 403 కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఆ రిలయన్సే.