తవ్వని రెండో గుంత గారికి

అయ్యా రెండో గుంత గారూ,

నమస్కారం. మా పెరట్లో మరుగుదొడ్డికి రెండో గుంతగా మీరున్నారని కాగితాల్లో చదివి చాలా సంతోషించాను. సర్కారు మరుగుదొడ్డి సాయం 12,000 రూపాయలు వచ్చేముందు ఫొటో తీశారు. అందులో నీలం తలుపుంది, పక్కన చేతులు కట్టుకుని నేనున్నాను. మీరే లేరు.

పాపం మేస్త్రిది. "రెండెందుకండీ, దండగ! ఒకదాన్నే పదిహేను వరలు దింపేద్దాం, మీ మనవడి పెళ్లిదాకా నిండదు" అన్నాడు. అడుగున ప్లాస్టరింగ్ లేదు, పాతికడుగుల్లో బోరుంది. నిండకుండా ఎటు పోతోందో బోరునే అడగాలి.

అసలు మీ పద్ధతే వేరు. మొదటి గుంతా మీరూ, ఇద్దరూ ఉండేది నాలుగడుగుల లోతు. నీళ్లు గోడ కన్నాల్లోంచి నేలలో ఇంకిపోతాయి. మొదటాయన నిండగానే, పైపు రెండుగా చీలే చాంబర్లో ఇటుక అటు తీసి ఇటు పెడితే చాలు, మీ డ్యూటీ మొదలు. ఏడాది రెండేళ్లు వదిలేస్తే ఆయన వాసన లేని ఎరువైపోతాడు. కరెంటు వద్దు, ట్యాంకరు వద్దు. ఇంత తేలిగ్గా ఉంటే ఎవరు లెక్కచేస్తారు సార్? 2018లో బిల్ గేట్స్ మలం ఉన్న సీసాతో బీజింగ్‌లో వేదికెక్కి కొత్తరకం మరుగుదొడ్ల గురించి చెబితే ప్రపంచమంతా చూసింది. మీ దగ్గరేముంది చూపించడానికి? ఇటుక!

2017లో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మన వరంగల్ జిల్లా గంగదేవిపల్లి వచ్చి, గుంతలోకి దిగి తన చేత్తో ఎరువు తోడారు. ఆ ఫొటో చూపిస్తే మా మామయ్య, "ఐఏఎస్ చదివి ఇదేం పనిరా?" అన్నాడు. "వాసన రాదట మామయ్యా" అన్నాను. "వాసన సంగతి కాదురా" అన్నాడు. మరి దేని సంగతో చెప్పలేదు. చదువుకున్నవాడు, కులం పేరు నోటితో అనడు.

మొన్న ముసురుకి నేలలో నీరు పైకొచ్చి బేసిన్ ఎదురు తన్నింది. ట్యాంకరు కుర్రాడు రెండు వేలు తీసుకుని చీకటిపడ్డాక బయల్దేరాడు. "ఎక్కడ పోస్తావు బాబూ?" అంటే "మీకెందుకండీ" అన్నాడు. నిజమే, నాకెందుకు? పొద్దున గేదెలు కాలవలో దిగమని మొరాయించాయి.

మీ స్థలంలో ప్రస్తుతం ఆ గేదెల్నే కట్టేస్తున్నాం. వచ్చేటట్టయితే రెండు రోజుల ముందు కబురు పెట్టండి, గుంజలు పీకిస్తాను.

ఇట్లు,
ఒంటి గుంత ఆసామి