పుంజు ఏ రంగు, కుర్రాడు ఏ టైపు?

మా బావకి భీమవరం దగ్గర ఎనిమిది ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. మొన్న వేసవిలో రాత్రి కాపలాకి ఒక మనిషి కావాల్సి వచ్చాడు. పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఆ రెండు మూడు గంటలు మాత్రం కన్ను మూయకూడదు. ఇదివరకైతే కాకా హోటల్ దగ్గర ఒక మాట వేస్తే సాయంత్రానికి ముగ్గురొచ్చి గట్టు మీద నిలబడేవారు. ఈసారి అలా జరగనివ్వలేదు మా మేనల్లుడు. హైదరాబాద్‌లో ఎంబీఏ చదివొచ్చాడు. "నాన్నా, మనం ఇంకా గట్టు మీదే ఉన్నాం, ప్రపంచం సైకోమెట్రిక్స్ దాకా వెళ్ళిపోయింది" అని ల్యాప్‌టాప్ తెరిచాడు.

మకాం అరుగు మీద వ్యక్తిత్వ పరీక్ష మొదలైంది. ఒక్కో వాక్యానికి ఐదు గళ్ళు, "అస్సలు ఒప్పుకోను" నుంచి "పూర్తిగా ఒప్పుకుంటాను" దాకా. చదువు అంతంతమాత్రం వాళ్ళ కోసం మేనల్లుడే చదివి వినిపించాడు.

"పార్టీల్లో నేను అందరితో ఇట్టే కలిసిపోతాను."

వచ్చినాయన తువ్వాలు భుజం మార్చుకుని, "ఏ పార్టీ అండీ?" అన్నాడు. జవాబు రాకపోయేసరికి గొంతు తగ్గించి, "ముందు మీదేదో చెప్పండి. మాకేం ఇబ్బంది లేదు" అన్నాడు.

పరిస్థితికి తగ్గట్టు మారగలడని మేనల్లుడు రాసుకున్నాడు.

"కారణం లేకుండా నాకు దిగులు కలుగుతూ ఉంటుంది."

"కారణం లేకుండా ఎందుకండీ? ఉన్న కారణాలే సరిపెట్టుకోలేక చస్తున్నాం."

ఇది చూసి నవ్వేవాళ్ళుంటారు. నేను నవ్వలేదు. మనుషుల్ని ఎంచుకోవడంలో మన డెల్టా ఎంత వెనకబడిపోయిందో ఆ అరుగు మీదే నాకు తెలిసొచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట సంగతే తీసుకోండి. 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర పక్కన నిలబడి వీణం వీరన్నగారు వేలమంది కూలీల్ని పోగేశారంటారు. వాళ్ళలో ఒక్కరినైనా "కొత్త అనుభవాల పట్ల మీ వైఖరి ఏమిటి" అని అడిగిన దాఖలా లేదు. అయినా ఆనకట్ట నిలబడింది. ఇది కాకతాళీయం అయ్యుండాలి.

వాళ్ళ తప్పు కూడా లేదనుకోండి. అప్పటికి ఆ శాస్త్రం పుట్టలేదు. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక, ఫిరంగి మోతకి ఏ సైనికుడి మనసు చెదిరిపోతుందో ముందే పట్టుకోవాలని రాబర్ట్ వుడ్‌వర్త్ అనే ఆయన అవును, కాదు అని చెప్పే ప్రశ్నల పట్టీ ఒకటి తయారుచేశాడు. అది చేతికందేసరికి యుద్ధమే అయిపోయింది. వ్యక్తిత్వ పరీక్షలకి మొదటి నుంచీ ముహూర్తబలం కాస్త తక్కువ.

ఆ తర్వాత 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని మనుషుల తీరు చెప్పే మాటలన్నీ ఏరారు. 17,953 తేలాయి. తర్వాతివాళ్ళు ఆ పోగుని తూర్పారబట్టి, చెరిగి, జల్లించి చివరికి ఐదు గుణాలు మిగిల్చారు: కొత్తదనం మీద ఆసక్తి, ఒప్పుకున్న పని ఒళ్ళు దాచుకోకుండా చేసే బాధ్యత, కలుపుగోలుతనం, నెమ్మదితనం, టెన్షన్ పడే స్వభావం. ప్రపంచంలో ఎవరినైనా ఈ ఐదింటితో కొలవొచ్చునట. మరి మన ఎటకారం ఏ గుణం కిందకి వస్తుందని మేనల్లుణ్ణి అడిగాను. వాడు చాలాసేపు వెతికాడు. గోదావరి జిల్లాల మనిషిని ఎటకారం తీసేసి కొలవడమంటే పులుసు పారబోసి పులస రుచి చెప్పడం లాంటిది. ఈ లోపం ఎవరైనా వాళ్ళకి ఉత్తరం రాసి చెప్పాలి.

ఐదు గుణాలదైతే ఎంతో కొంత శాస్త్రమే. ఆఫీసుల్లో ఎక్కువ చెల్లుబాటయ్యేది మాత్రం అది కాదు, పదహారు రకాల మనుషుల లెక్క. కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ అనే తల్లీకూతుళ్ళు, మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో రాసిన పుస్తకం పట్టుకుని దీన్ని కట్టారు. ఇద్దరూ మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళు కాదు. కూతురు అంతకుముందు డిటెక్టివ్ నవలలు రాసేది. మనిషికి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు తగిలిస్తారు. ఇక వాడు ఐఎన్‌టీజే, వీడు ఈఎస్ఎఫ్‌పీ.

ఇక్కడ మాత్రం మనం వెనకబడలేదని గర్వంగా చెప్పగలను. కోడిపందేలు చట్టవిరుద్ధం కాబట్టి సంక్రాంతికి మన జిల్లాల్లో అవి జరగవు. ఆ జరగని పందేల్లో పుంజుని ఎంచుకోవడానికి మనకి కుక్కుట శాస్త్రం ఉంది. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, మైల, అబ్రాసు, కెక్కిరాయి, ఆ పైన కాకిడేగ, కాకినెమలి వంటి మిశ్రమాలు. పేర్లు చదువుకుంటూ పోతే పదహారు దగ్గర ఆగే ప్రసక్తే లేదు. ఏ తిథినాడు, ఏ నక్షత్రంలో, ఏ దిక్కు నుంచి బరిలోకి దింపితే ఏ రంగు దేన్ని కొడుతుందో అందులో ఉంటుంది. హెచ్ఆర్ వాళ్ళు మనుషుల గురించి ఇంకా ఇంత వివరంగా రాయలేదు.

నిలకడ విషయంలో కూడా మన పద్ధతే మేలు. ఆ పదహారు రకాల పరీక్ష కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి అక్షరం మారిపోతుంది. సంక్రాంతికి డేగ అయిన పుంజు శివరాత్రికి కాకి అయిన సంగతి నేనెక్కడా వినలేదు. పైగా దీన్ని ఉద్యోగాల ఎంపికకి వాడొద్దని, అది పద్ధతి కాదని ఆ పరీక్ష అమ్మే కంపెనీయే చెబుతుంది. కుక్కుట శాస్త్రం ఇంతవరకు అలాంటి పిరికిమాట అనలేదు.

ఇంకో సంగతి ఉంది. పందెగాళ్ళు శాస్త్రాన్ని ఎంత నమ్మినా, రంగు చూసి నేరుగా కత్తి కట్టెయ్యరు. బాదంపప్పు పెడతారు, చెరువులో ఈత కొట్టిస్తారు, కత్తి లేకుండా డింకీ పందెం వేసి ఎంతసేపు నిలబడుతుందో, ఎంత ఎత్తుకి లేస్తుందో చూస్తారు. అదంతా అయ్యాకే పంచాంగం తీస్తారు. డబ్బు తనదైనప్పుడు మనిషికి ఎక్కడలేని పరిశోధక బుద్ధీ వస్తుంది.

సరే, పరీక్ష రిపోర్టు వచ్చింది. అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన కుర్రాడి గురించి ఇలా ఉంది: "ఇతనిలో ఇంకా బయటపడని శక్తి చాలా ఉంది. కొన్నిసార్లు కలుపుగోలుగా, కొన్నిసార్లు తనలో తాను ఉంటాడు. ఒత్తిడిలోనూ ప్రశాంతంగా ఉంటాడు." బావ చదివి ఆశ్చర్యపోయాడు. "అచ్చం నాలాగే ఉన్నాడే!" అన్నాడు.

బావని తప్పుపట్టలేం. 1949లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన తరగతి మీద చేసిన ప్రయోగాన్ని అచ్చువేశాడు. విద్యార్థులకి ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, కొన్నాళ్ళకి ఎవరి ఫలితం వాళ్ళకిచ్చి, ఎంత సరిగ్గా ఉందో ఐదుకి మార్కులెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే. అందులో రాసింది కూడా పత్రికల కొట్లో అమ్మే జాతకాల పుస్తకంలోంచి ఎత్తిందే. అంతర్వేది తీర్థంలో చిలక జోస్యం చెప్పించుకున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. "నువ్వు పదిమందికీ మేలు చేస్తావు, నీ మేలు ఎవరూ గుర్తించరు" అని చిలక తీసిన కాగితంలో ఉంటే కాదన్నవాణ్ణి నేను చూడలేదు. చిలక ఒక గింజకి చేసే పనికి ఈ రిపోర్టులో మనిషికి ఇంతని తీసుకుంటారు. తేడా అంతే.

ఐదు గుణాలకి తిరిగొద్దాం, వాటికి అన్యాయం చేయకూడదు. వ్యక్తిత్వ పరీక్షలతో ఉద్యోగులను ఎంచుకోవడానికి సరైన ఆధారమే లేదని 1965లో గయాన్, గాటియర్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చేశారు. పాతికేళ్ళు ఆ సరుకు అటక మీద పడి ఉంది. 1991లో మర్రే బ్యారిక్, మైకేల్ మౌంట్ పాత పరిశోధనలన్నీ పోగేసి లెక్కకట్టి, ఒక్క గుణం మాత్రం ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తోందన్నారు. అదే బాధ్యత. ఎంత పనికొస్తుంది? సున్నా అంటే ఏ సంబంధమూ లేదు, ఒకటి అంటే బ్రహ్మరాత, అలాంటి కొలబద్ద మీద సుమారు 0.22. ఆ లెక్కన, పనితనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో నూటికి ఐదు పాళ్ళు దీనివల్ల తెలుస్తుంది. మిగతా తొంభై ఐదు పాళ్ళు గోదారిపాలు.

పైగా ఈ పరీక్షలో బాధ్యతను కొలిచేది మనం కాదు, అభ్యర్థే తనను తాను కొలుచుకుంటాడు. "మొదలుపెట్టిన పని పూర్తిచేస్తాను" అన్నదానికి ఉద్యోగం కావాల్సినవాడు ఏ గడిలో టిక్కు పెడతాడో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. మా అరుగు మీద ఆరుగురు రాస్తే ఐదుగురు శ్రీరామచంద్రులే. ఆరోవాడు మాత్రం "అప్పుడప్పుడు బద్ధకిస్తానండి, తెల్లారగట్ట మరీను" అన్నాడు. ఆ ఒక్కణ్ణీ వెంటనే పంపించేశారు. ఫలానాచోట ఫలానా లోపం ఉందని కొనేవాడికి చెప్పి గేదెని అమ్మినవాణ్ణి ఎక్కడైనా చూశారా?

అలా కాదు, మనిషిని నాలుగు మాటలు మాట్లాడిస్తే నాకు తెలిసిపోతుందంటాడు మా బావ. ఆయన ఇంటర్వ్యూలో నాలుగు మాటలు ఇవీ: "మీదే ఊరు? ఎవరబ్బాయివి? మీ తాతగారు ఫలానావారికి ఏమవుతారు? ఇంతకీ మీరేవిట్లు?" నాలుగోదానికి జవాబొచ్చేసరికి మనిషి గుణం, నడత, నమ్మకం, రాత్రి మెలకువగా ఉండగల శక్తి అన్నీ బావకి అద్దంలో కనపడతాయి. ఈ నమ్మకం ఒక్క బావది కాదు, దేశదేశాల మేనేజర్లది. జేసన్ డానా, రాబిన్ డాస్, మరొకరు కలిసి చేసిన ఒక అల్లరి ప్రయోగం 2013లో అచ్చయింది. ఇంటర్వ్యూలో కొందరి చేత, అడిగిన ప్రశ్నతో సంబంధం లేకుండా, ముందే పెట్టుకున్న ఒక గుర్తును బట్టి అవును, కాదు అని చెప్పించారు. అడిగేవాళ్ళు పసిగట్టలేదు సరికదా, ఎదుటి మనిషి తమకి బాగా అర్థమయ్యాడనే అనుకున్నారు.

మరి పనికొచ్చేది ఏది? 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ ఎనభై ఐదేళ్ళ పరిశోధనలు కూడి ఒక పట్టీ ఇచ్చారు. ఇందాకటి కొలబద్ద మీదే, చేతిరాత చూసి చెప్పడం 0.02. ఎన్నేళ్ళ అనుభవం అన్నది 0.18. తెలివితేటల పరీక్ష 0.51, అసలు పనే చేయించి చూడటం 0.54. అయితే మన ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ శాతం పేరు చెప్పి తూకం తగ్గించేసినట్టు, 2022లో పాల్ సాకెట్ బృందం వచ్చి ఈ అంకెల్లో చాలావాటికి కోత పెట్టింది. కారణం సబబైనదే. ఉద్యోగంలో చేరినవాళ్ళ పనితనమే మనకు తెలుస్తుంది, చేరనివాళ్ళది తెలీదు. విసురు వలకి పడ్డ రొయ్యల్ని తూసి చెరువు మొత్తానికి కౌంట్ చెప్పినట్టన్నమాట. ఆ లోటు పూడ్చడానికి పాతవాళ్ళు కాస్త ఎక్కువే కలిపేశారట. కోత పోగా తెలివి పరీక్ష 0.31కి, పని చేయించి చూడటం 0.33కి దిగాయి. అందరినీ ఒకే ప్రశ్నలడిగి, ఒకే కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూ 0.42తో పైన నిలిచింది. కోనసీమలో కొబ్బరి దింపుకి వచ్చినవాణ్ణి "ఎత్తులంటే మీకెలాంటి భావన కలుగుతుంది" అని ఎవరూ అడగరు. చెట్టు చూపిస్తారు.

ఇదంతా నేను బావకి చెప్పేలోపే మొదటి ర్యాంకు కుర్రాడు పనిలో చేరిపోయాడు. పదకొండో రోజు రాత్రి కరెంటు పోయింది. తెల్లారి మేం వెళ్ళేసరికి దూరం నుంచే తెలిసిపోయింది. చెరువు మీద ఎన్నడూ లేనన్ని కొంగలు. దగ్గరికెళ్తే ఏరియేటర్ల రెక్కలు కదలకుండా ఉన్నాయి. గట్టువార నీళ్ళలో రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. షెడ్డులో నవారు మంచం మీద కుర్రాడు, గుండెల మీద సెల్‌ఫోను. అందులో ఎవరిదో వంటల వీడియో తనకి తానే తిరుగుతోంది. బావ మంచంకోడు తన్నితే నెమ్మదిగా కళ్ళు తెరిచి, "ఏఁవైందండీ?" అన్నాడు.

ఒత్తిడిలోనూ ప్రశాంతంగా ఉంటాడని రిపోర్టులో ఉన్నమాట అక్షరాలా నిజమైంది. ఆ పరీక్షని నేను ఇంకెప్పుడూ ఎగతాళి చేయను.

రెండో పంటకి బావ మారాడు. ఈసారి ఐదుగురిని పిలిచి, ఒక్కొక్కరినీ విడివిడిగా రాత్రి రెండింటికి రమ్మన్నాడు. అందరికీ అవే ప్రశ్నలు: జనరేటర్ అందుకోకపోతే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు? మేత వేశాక వాన వస్తే ఏం చేస్తావు? ఆ తర్వాత చెప్పకుండా మెయిన్ ఆపేసి చీకట్లో నిలబడ్డాడు. ఒకడు లైన్‌మన్‌ని తిట్టడం మొదలెట్టాడు. ఒకడు జనరేటర్ వేసి, ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆన్ చేసేసరికి అది కూడా ఆగిపోయింది. నాలుగోవాడు టార్చి నోట్లో పెట్టుకుని ముందు డీజిల్ ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు, ఆయిల్ చూశాడు, తర్వాత స్టార్ట్ చేసి, ఏరియేటర్లు ఒకటి తర్వాత ఒకటి వేసుకుంటూ వచ్చాడు. చివరిది తిరిగేదాకా కూర్చోలేదు. బావ, మేనల్లుడు ఎవరి మార్కులు వాళ్ళు విడిగా వేసి, ఆ తర్వాతే కలిపి చూసుకున్నారు. ఇద్దరి లెక్కలోనూ అతనే మొదటివాడు. పాల్ సాకెట్ గనక ఆ రాత్రి మా గట్టు మీద ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

బావ మార్కుల పుస్తకం మూసి, కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యేశాడు.

"బాగా చేశావురా అబ్బాయ్. ఇంతకీ మీరేవిట్లు?"