సవరణ: సమోథ్రేస్ స్తంభాలు, నైకీ రెక్క

గ్రీసులోని సమోథ్రేస్ దీవి మహాదేవతల ఆలయ ప్రాంగణంపై నేను పోయినవారం రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది ఫొటో కింది వ్యాఖ్య. హియెరాన్ అనే కట్టడం ముందున్న ఐదు స్తంభాలు 'రెండు వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి' అని రాశాను. నిజానికి అవి ఎప్పుడో కూలిపోయాయి. 1950లలో అమెరికన్ పురావస్తు బృందం పడి ఉన్న రాళ్లను ఏరి మళ్లీ నిలబెట్టింది. దగ్గరగా చూస్తే పాత రాయి మధ్య కొత్త అతుకులు కనిపిస్తాయి. ఫొటో అందానికి మురిసిపోయి ఆ అతుకులు గమనించలేదు, ఒప్పుకుంటున్నాను.

రెండోది, పారిస్‌లోని లూవ్రు మ్యూజియంలో ఉన్న నైకీ (గ్రీకు విజయదేవత) విగ్రహం సమోథ్రేస్‌లో 'తల తప్ప మొత్తంగా దొరికింది' అనడం. 1863లో ఫ్రెంచి దౌత్యవేత్త షార్ల్ షాంపోయిజో తవ్వకాల్లో బయటపడినవి ముక్కలే. ఎడమ రెక్కను ఆ ముక్కలతో కూర్చారు. కుడి రెక్క మాత్రం చాలావరకు దాన్ని చూసి ప్లాస్టరుతో పోసినది. తల, చేతులు లేవు. కుడి అరచేయి 1950లో దొరికింది. దాన్ని విగ్రహానికి అతికించలేదు, దగ్గరలోనే గాజుపెట్టెలో ఉంచారు.

పాత వ్యాసంలో రెండుచోట్లా దిద్దాను.