బోలు చెక్క సర్ఫ్‌బోర్డుకు గాలి రంధ్రం తప్పనిసరి

సర్ఫ్‌బోర్డు (సముద్రపు అలల మీద నిలబడి సాగే పలక) తయారీపై మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. లోపల చెక్క ఫ్రేమ్ పెట్టి, పైన పలుచని పలకలు అంటించి బోర్డు చేసే పద్ధతిని అందులో బాగా వివరించారు. అమెరికన్ సర్ఫర్ టామ్ బ్లేక్ 1932లోనే పేటెంట్ పొందిన బోలు బోర్డు గురించి కూడా ఒక మాట రాసి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి. కానీ గాలి రంధ్రం ఊసే లేకపోవడం మాత్రం పెద్ద లోటు. ఎండలో పెడితే బోర్డు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బయటికి దారి లేకపోతే అతుకులు విడిపోతాయి. అందుకే పై భాగంలో ఒక రంధ్రం, దానికి మరతో బిగించే చిన్న బిరడా ఉండాలి. నీళ్లలోకి దిగేముందు బిగించాలి, ఒడ్డుకు రాగానే తీసేయాలి. ఫ్రేమ్‌లోని ప్రతి అడ్డుపలకకూ రంధ్రాలు చేస్తేనే గాలి అన్ని గదుల నుంచి అక్కడిదాకా వస్తుంది. పైపలక అంటించేశాక ఆ పని చేయడం కుదరదు.

ఫినిషింగ్ గురించి కూడా చెప్పాలి. ఎండ ఎక్కుతున్నప్పుడు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పూస్తే చెక్కలోని గాలి బుడగలుగా పైకి తేలుతుంది. వేడి తగ్గుతున్న వేళ పూస్తే చెక్కే ఎపాక్సీని లోపలికి పీల్చుకుంటుంది. ముందు పలుచని పూత, ఆ తర్వాతే ఫైబర్‌గ్లాస్ గుడ్డ. గట్టిపడ్డాక పైన జిడ్డు పొర కనిపిస్తే నీళ్లతో కడిగాకే సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) చేయాలి, లేకపోతే తర్వాతి పూత సరిగా పట్టదు.

వ్యాసం చివర్లో వార్నిష్ "ఇష్టమైతే వేయండి" అన్నారు. నేను ఒప్పుకోను. ఎపాక్సీ ఎండకు పసుపెక్కి పాడవుతుంది, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే వార్నిష్ వేయాల్సిందే. సాండింగ్ చేసేటప్పుడు మంచి మాస్క్ కూడా పెట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.